నీళ్లు ముట్టని ఇంట్లో కరెంటు తాగిన కారు

పర్ణశాలకు జనం దేవుణ్ణి చూడటానికి వెళ్తారు. గోదావరిలో కాళ్లు తడుపుకుంటారు, ఫొటోలు దిగుతారు, పులిహోర పొట్లాలు పట్టుకుని తిరిగొస్తారు. నేను మొన్న డిసెంబరులో అటు వెళ్లి కూడా గుడిని రోడ్డు మీద నుంచే చూశాను. దారి పొడవునా నా చూపు స్టీరింగు వెనక తగ్గిపోతున్న ఒక అంకె మీదే ఉంది. అడవి ఎలా ఉందని అడిగితే చెప్పలేను. ఆ అంకె ఎక్కడెక్కడ ఎంత పడిపోయిందో అడగండి, చెప్తాను. కరెంటు కారు కొని, చలికాలంలో అటు వెళ్దామనుకునేవాళ్లు ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఖమ్మం: అంకుల్ అన్న మనిషి

మాది దూది ఏకే ఇల్లు. తాత వింటితో ఏకాడు, నాన్న మిషను పెట్టాడు, నేను పరుపులు, రజాయిలు అమ్మే దుకాణం పెట్టాను. దసరాకు కరెంటు కారు కొన్నాను. షోరూంలో అమ్మే మనిషి నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు, అంతే. తలకు రంగేసుకుని నన్ను అంకుల్ అన్నాడు. అది గుర్తుంది.

కొత్తలో బాగానే పోయింది. ఒకసారి నింపితే మూడు వందల కిలోమీటర్లు పోతుందని కాగితం మీద రాసుంది. ఎండ కాసిన రోజుల్లో రెండు వందల పైన చూపించేది. కాగితానికీ రోడ్డుకూ అంత తేడా ఉంటుందిలే అని ఊరుకున్నాను. డిసెంబరు వచ్చింది. పొద్దున మంచులో కారు తీస్తే అంకె రెండు వందల లోపే ఆగింది. హీటరు వేశాను. నా కళ్ల ముందే ఇంకో పాతిక రాలిపోయింది. షోరూంకు ఫోన్ చేశాను.

"చలికి అంతే అంకుల్. బ్యాటరీకి కూడా చలి పెడుతుంది. హీటరు వేయకండి" అన్నాడు.

"ఈ మాట కొన్న రోజు చెప్పలేదేంది?"

"మన ఖమ్మంల చలెక్కడుంటది అంకుల్ అనుకున్నం."

రెండు జవాబుల్లో రెండు అంకుల్‌లు. హీటరు ఇచ్చినవాడే హీటరు వేయొద్దంటాడు. అది రజాయి అమ్మి కప్పుకోవద్దని చెప్పడం లాంటిది. నేను అలాంటి వ్యాపారం చేస్తే గాంధీచౌక్‌లో నన్ను నిలబడనిచ్చేవాళ్లు కాదు.

అయినా బయలుదేరక తప్పలేదు. మా సైదాబీ అక్క పర్ణశాల పక్క ఊళ్లో ఉంటుంది. కళ్లకు పొర కమ్మింది. భద్రాచలం వచ్చి చూసే కళ్ల డాక్టరు ఆపరేషను ఖమ్మంలో చేస్తానని తారీఖు ఇచ్చాడు. రెండు తారీఖులు తప్పిపోయాయి. ఇది మూడోది. ఒక కన్ను ఇప్పటికే దాదాపు పోయిందని, ఇంకా ఆలస్యమైతే చేసినా లాభం ఉండదని డాక్టరు గట్టిగా చెప్పాడట.

తారీఖులు ఎందుకు తప్పాయంటే, అక్క బండి ఎక్కలేదు. డీజిలు వాసన ముక్కుకు తగిలితే చాలు, పేగులు బయటికి వచ్చేలా వాంతులు. నాన్న పోయినప్పుడు బస్సులో వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత ఖమ్మం ముఖం చూడలేదు. భద్రాచలం దాకా అయితే వెనక తెరిచి ఉండే ట్రాలీ ఆటోలో గాలికి కూర్చుని వెళ్తుంది. ఈ చలిలో ఖమ్మం దాకా అలా వస్తే కళ్లకంటే ముందు ఊపిరితిత్తులకు వైద్యం చేయించాలి. నా కారులో డీజిలు లేదు, పొగ లేదు. అందుకని నేనే వస్తానని ఫోన్లో చెప్పాను.

ఇక్కడ ఒక చిక్కుంది. అక్క మొగుడు, అంటే మా బావ నాగుల్ మీరాతో నాకు మాటల్లేవు. వాళ్ల కూతురి పెళ్లికి నేను నా చేత్తో కుట్టిన పరుపులు, రజాయిలు తీసుకెళ్లాను. మగపెళ్లివాళ్లంతా చూస్తుండగా ఆయన పరుపును బొటనవేలితో నొక్కి, "పాత దూది కలిపినట్టున్నవు గద బామ్మర్దీ" అన్నాడు. అందరూ నవ్వారు. దూది ఏకేవాడితో ఆ మాట అనడం కంటే చెంప మీద కొట్టడం నయం. విస్తరి ముందు నుంచి లేచి, ఈ ఇంట్లో ఇక మంచినీళ్లు కూడా ముట్టనని చెప్పి వచ్చేశాను. ఎనిమిదేళ్లు ముట్టలేదు. అక్క నా కొత్త ఇంటికి ఒక్కసారీ రాలేదు. వాంతుల మాట నిజమే. ఆయన పంపలేదన్న మాట కూడా నిజమే. రెండూ నిజం కావచ్చు.

ఏన్కూరు: చల్లటి బానెట్

తెల్లవారుతుండగా నేనూ మా ఆవిడ మౌలాబీ బయలుదేరాం. వెనక సీట్లో అక్క కోసం కుట్టిన కొత్త రజాయి, మాకు రెండు రజాయిలు, ఒక నీళ్ల క్యాను, రొట్టెలు, కోడికూర. బావ ఇంట్లో ముట్టకూడదు కాబట్టి నీళ్లతో సహా మోసుకెళ్లాం.

హీటరు వేయలేదు. వైరా దాటేసరికి ఇద్దరం రజాయిలు కప్పుకున్నాం. అద్దానికి లోపల ఆవిరి పడితే మౌలాబీ తువ్వాలుతో తుడుస్తోంది. "లక్షలు పోసి కొన్నవు. ఎడ్లబండిల పోయినా గిట్లనే ముసుగేసుకుని పోదుము గదయ్యా" అంది. నేను మాట్లాడితే అద్దం మీద ఇంకా ఆవిరి పడుతుంది.

ఏన్కూరులో చాయ్ కోసం ఆగాం. ఖమ్మంలో చాయ్ చిట్టి గ్లాసులో పోసి పది రూపాయలు తీసుకుంటారు. ఇక్కడ అదే పదికి గ్లాసు నిండా పోశారు. ఇది ఒప్పుకోవాల్సిన విషయం కాబట్టి ఒప్పుకుంటున్నాను. మిరపతోట కూలీలు నలుగురైదుగురు చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నారు. నా కారు ఆగీ ఆగకముందే అందరూ వచ్చి బానెట్ మీద చేతులు పెట్టారు. ఆ దారిలో అది అలవాటు. పొద్దున ఏ జీపు ఆగినా, ఏ లారీ ఆగినా, డ్రైవరు చాయ్ తాగేంత సేపు ఇంజను వేడికి చేతులు కాచుకుంటారు. ఎవరూ ఏమీ అనుకోరు.

నా బానెట్ మీద పెట్టిన చేతులు పెట్టినట్టే వెనక్కి తీశారు.

"ఏందయ్యా ఇది, సచ్చిన బర్రె లెక్క సల్లగుంది?" అన్నాడు తలకు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన.

"కరెంటు కారు. ఇంజను ఉండదు" అన్నాను.

"ఇంజను లేదా? మరి ముందల డబ్బల ఏముంది?"

తెరిచి చూపించాను. ముసలాయన లోపలికి వంగి చాలాసేపు చూసి లేచాడు. "దీన్ని కొన్నవా, ఎవలన్న ఊకెనే ఇచ్చిండ్రా?"

పక్కనే ఒక పాత బొలేరో వచ్చి ఆగింది. నల్లటి పొగ, చెవులు పగిలే చప్పుడు. అందరూ దాని చుట్టూ చేరి చేతులు చాపారు. నాకంటే ఆ డొక్కు బండికి మర్యాద ఎక్కువ దొరికింది. మౌలాబీ కూడా చాయ్ గ్లాసు పట్టుకుని అటే వెళ్లి నిలబడింది. అదీ గుర్తుంది.

పాల్వంచ: బట్టలు ఆరేసిన పెట్టె

కొత్తగూడెం దాటాక పాల్వంచలో ఒక హోటలు ఆవరణలో చార్జింగు పెట్టె ఉందని ఫోను చెప్పింది. ఉంది. దాని మీద ఒక లుంగీ, రెండు బనియన్లు ఆరేసి ఉన్నాయి. వాచ్‌మన్‌ను పిలిచి అవి తీయమన్నాను.

"తీస్త సార్. కానీ అది పని చెయ్యదు."

"మరి లైటు వెలుగుతుంది గదా?"

"లైటు వెలుగుతది, పెట్టె వెచ్చగుంటది, బట్టలు జల్దీ ఆరుతయ్. కార్లకే ఎక్కదు."

పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేశాను. మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం అని ఒక యంత్రం అంది. మూడుసార్లు చేసి మూడు ఫిర్యాదులు ఇచ్చాను. వాచ్‌మన్ ఈలోపు బనియన్లు తిరగేశాడు. హోటలు వంటింటి ప్లగ్గుకు పెట్టుకోమని యజమాని కనికరించాడు. ఆ ప్లగ్గుతో కారుకు చార్జింగు ఎక్కేదానికంటే మిక్సీ తిరిగినప్పుడల్లా ఆగేది ఎక్కువ. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. పక్క టేబులు మీద హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు భద్రాచలంలో తిన్న బొంగు చికెను గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు. వెదురు గొట్టంలో కోడి ముక్కలు పెట్టి కాల్చినందుకు ఆరు వందలు ఇచ్చారట. మా కోడికూర స్టీలు గిన్నెలో ఉంది కాబట్టి ఎవరూ ఫొటో తీయలేదు.

భద్రాచలం వంతెన దాటి దుమ్ముగూడెం దారి పట్టేసరికి పొద్దు వాలింది. రెండు వైపులా చెట్లు, అప్పుడే దిగుతున్న మంచు. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు అద్దంలోంచి టార్చి కొట్టి, ముసుగుల్లో ఉన్న మా ఇద్దరినీ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"జ్వరమా? ఇద్దరికా?"

"హీటరు వేయొద్దన్నరు సార్" అంది మౌలాబీ.

"ఎవరు, డాక్టరా?"

"షోరూమాయన."

కానిస్టేబులు ఇంకేమీ అడగకుండా గేటు ఎత్తాడు. అక్క ఊరు చేరేసరికి అంకె పక్కన ఎర్ర తాబేలు బొమ్మ ఒకటి వచ్చి నిలబడింది. అదొచ్చాక కారు నడక నిజంగా తాబేలు నడకే. మా ముందు నడుస్తున్న మేకలను కూడా దాటలేకపోయాం.

పర్ణశాల పక్కన: ఏ ఇంటి కరెంటు

అక్క గుమ్మంలోనే ఉంది. చప్పుడు లేని కారు కాబట్టి వచ్చినట్టు తెలియలేదు. నేను పిలిస్తే గొంతు వైపు తిరిగి, చేతులతో నా ముఖం తడిమి, "చిక్కినవు తమ్మీ" అంది. నేను చిక్కలేదు. ఆమెకు కనిపించలేదు. ఆపరేషనుకు ఇచ్చిన ఆ మూడో తారీఖు ఎల్లుండే.

చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను తీసుకోలేదు. మౌలాబీ తన వంతూ నా వంతూ తాగేసింది. ఇంటికి ఆనుకునే బావ గిర్ని. గిర్ని అంటే పిండి మర. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో, ఒంటి నిండా పిండితో, తెల్లటి కనుబొమలతో ఆయన కూర్చుని చూస్తున్నాడు. నేను డిక్కీలోంచి చార్జింగు వైరు తీశాను.

బావ అక్కతో అన్నాడు. "మీ తమ్ముడు మన ఇంట్ల నీళ్లు ముట్టడు గద. మరి ఆ చేతుల వైరేంది?"

నేనూ అక్కతోనే అన్నాను. "అక్కా, కరెంటు నీళ్లు కాదని ఆయనకు చెప్పు."

"నీళ్లు మా బోరువి, కరెంటు మా మీటరుది. ఆయన ఉపాసముండి బండికి బువ్వ పెట్టమంటుండు. గిదేం లెక్క?"

"మీరిద్దరు నా మీదుగ మాట్లాడకుండ్రి, నాకు కండ్లే పోయినయ్, చెవులు కాదు" అంది అక్క.

వైరు పెట్టాను. నాకోసం కాదు, అక్క కోసం. ముట్టింది నేను కాదు, కారు. ఇందులో నా మాట తప్పిందేమీ లేదు. పెట్టిన కాసేపటికే ఇంట్లో ఎక్కడో టప్ మని పేలింది. ఇల్లంతా చీకటి. చలికి వేడినీళ్ల కోసం అక్క బకెట్లో పెట్టిన కాయిలు, దాని మీద నా కారు. పాత వైరింగు రెండింటినీ మోయలేకపోయింది. వైరు పీకేశాను, ఆ రాత్రికి మళ్లీ పెట్టలేదు. బావ టార్చి నోట్లో పెట్టుకుని ఫ్యూజు కట్టాడు. ఒక్క మాట అనలేదు. ఆయన మాట అనకపోవడం అన్నదానికంటే ఎక్కువ బాధ పెడుతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆ రాత్రి మౌలాబీ అక్క దగ్గర పడుకుంది, నేను కారులో రజాయిలు కప్పుకుని పడుకున్నాను. వాళ్ల గడప దాటలేదు. గోదావరి మీంచి వచ్చే చలికి రజాయి అమ్మేవాడికి కూడా మినహాయింపు లేదని తెలిసింది.

గిర్ని ముందు

పొద్దున లేచి చూస్తే బావ అప్పటికే గిర్ని లోపలి నుంచి లావుపాటి వైరు లాగి కారు దగ్గర పడేసి ఉన్నాడు. గిర్నికి మూడు ఫేజుల లైను ఉంటుంది. దానికి పెడితే ఫ్యూజు పోదు. పెట్టాను. ఎక్కడం మొదలైంది. మధ్యాహ్నానికి బయలుదేరితే రాత్రికి ఖమ్మం. మర్నాడు పొద్దున ఆపరేషను.

అప్పుడు ఆడవాళ్లు వచ్చారు. ఆ ఊళ్లో సగం ఇళ్లు క్రైస్తవులవి. క్రిస్మస్ ముందు అన్ని ఇళ్లలోనూ అరిసెలే. నానబెట్టి వడకట్టిన తడిబియ్యం గిన్నెల్లో పెట్టుకుని, పైన గుడ్డలు కప్పుకుని వరసగా నిలబడ్డారు. తడిబియ్యం ఆరకముందే పిండి పట్టాలి. ఆరితే అరిసె రాదు, మర్నాటికి ఉంచితే పులుస్తుంది. బావ గిర్ని మోటారు వేశాడు. మోటారు తిరిగిన క్షణమే నా కారు కూత పెట్టి చార్జింగు ఆపేసింది. వోల్టేజీ చాలడం లేదట. మోటారు ఆపితే కారు ఎక్కుతుంది. వేస్తే ఆగుతుంది. రెండుసార్లు చూశాం.

"పిండా, కారా? రెండు కావు" అన్నాడు బావ అందరికీ వినబడేలా.

వరసలో మొదట నిలబడ్డ మరియమ్మ అనే పెద్దావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కారు రేపు గూడ తింటది. మా బియ్యం రేపటికి ఉంటదా? ఎవరిదిది?"

"మా తమ్మునిది" అంది అక్క గుమ్మంలోంచి. "నన్ను దవాఖానకు తోల్కపోను వచ్చిండు."

"గిట్ల మన కరెంటు తాగుకుంట తోల్కపోతడా? మంచిగనే ఉంది."

ఇక అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకామె, కారును తోసుకుంటూ పొమ్మంది. ఇంకొకామె, ఖమ్మంలో కరెంటు అయిపోయిందా అని అడిగింది. వెనక నిలబడ్డ ఇద్దరు కోయ ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో అనుకుని నన్ను చూసి నవ్వారు. అర్థం కాకపోయినా ఏ రకం నవ్వో తెలిసింది.

బావ లేచి లోపలికి వెళ్లాడు. మోటారు స్విచ్చు దించి, దాని మీద తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. ఏడాది మొత్తంలో ఆ గిర్నికి అదే పెద్ద వారం. "సైదాకు రెండు తారీఖులు తప్పినయ్. ఇగ మూడోది తప్పనియ్య. మిట్టమధ్యాహ్నం దాక గిర్ని లేదు" అన్నాడు.

 మరియమ్మ గిన్నె కింద పెట్టింది. "సైదక్కా, మీ ఇంటి ఎనక రోళ్లున్నయా ఇంక? తీయించు. మా అమ్మలు దంచలేదా? మనమూ దంచుదాం. చలి గూడ పోతది." తర్వాత నా వైపు తిరిగి వేలు చూపించింది. "కానీ కారుకు వైరు పెట్టినాయన గూడ దంచాలె. ఊకెనే కూసుంటే కుదరదు."

మూడు రోళ్లు బయటికి వచ్చాయి. నా చేతికి రోకలి వచ్చింది. తడిబియ్యం దంచడం చూడటానికి తేలిక. దూది ఏకే చెయ్యి కాబట్టి నాకు లయ తెలుసు అనుకున్నాను. పది దెబ్బలకే బియ్యం సగం నేల మీద పడింది.

"ఓ పరుపులాయనా, అది దూది గాదు, ఎగిరిపోతది" అని ఒకామె.

"మెల్లగ! రోలు పగిలితే కొత్తది కొనియ్యాలె!" అని ఇంకొకామె.

ఒకరు దంచుతుంటే ఒకరు జల్లెడ పడుతున్నారు, నూక మళ్లీ రోట్లోకి వస్తోంది. స్వెట్టరు తీశాను, తర్వాత చొక్కా చేతులు మడిచాను. నిన్న ఖమ్మం నుంచి రజాయిలో ముడుచుకుని వచ్చినవాడికి ఆ చలిలో చెమట పట్టింది. అది ఆ కారు నాకు ఇచ్చిన మొదటి వెచ్చదనం. అరచేతులు బొబ్బలెక్కాయి. గొంతు ఎండిపోయింది. మరియమ్మ ఒక చెంబు అందించింది. గటగటా తాగేశాను. తాగుతూ చూస్తే ఎదురుగా కుర్చీలో బావ.

చెంబు మరియమ్మది. నీళ్లు ఎవరి బోరువో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ విషయం ఇక్కడితో ఆపుతున్నాను.

ఎక్కి దిగిన అక్క

మధ్యాహ్నం దాటాక అంకె నూటయాభైకి చేరింది. బావ తాళం తీసి గిర్ని మొదలుపెట్టాడు. మిగిలిన బియ్యం వరస కట్టింది. అక్క కొత్త చీర కట్టుకుని, చేతిలో నిమ్మకాయ పట్టుకుని వచ్చింది. ఊరంతా నిలబడి చూస్తోంది. తలుపు తెరిచి కూర్చోబెట్టాను. మూసీ మూయకముందే ముఖం పాలిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని దిగి, గోడ పట్టుకుని కక్కుకుంది.

"నాతోని గాదు తమ్మీ. నేను రాను. పోతే పోనీ కండ్లు."

డీజిలు లేదు, పొగ లేదు. మరి దేనికి? నాకు ఏమీ తోచలేదు. బావ గిర్నిలోంచి వచ్చి, తలుపు తీసి, కారులోకి తల పెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"సీట్లకు ఈ ప్లాస్టిక్ ఏంది? దసరాకు కొన్నవు గద, ఇంక తియ్యలేదా?"

తీయలేదు. ఎవరు తీస్తారు? కొత్త సీట్లు మాసిపోతాయి. ఖమ్మంలో సోఫా కొన్నా, ఫ్రిజ్జు కొన్నా, ప్లాస్టిక్ దానంతట అదే చిరిగేదాకా ఉంచుతాం. మా దుకాణంలో పరుపు కొన్నవాళ్లు కూడా కవరు మీదే ఏళ్ల తరబడి పడుకుంటారు. పైగా షోరూం ఆయన బహుమతిగా ఇచ్చిన మల్లెపూల అత్తరు సీసా ఒకటి అద్దం దగ్గర వేలాడుతోంది. మూసిన అద్దాల్లో, రెండు రోజుల మా ఊపిరిలో, ఆ ప్లాస్టిక్, ఆ అత్తరు కలిసి ఊరిపోయి ఉన్నాయి. నా ముక్కుకు అది కొత్తదనం. అక్కకు కడుపులో తిప్పు.

ఆ కవర్లను నా చేత్తో చింపాను. ఒక్కో సీటు చింపుతుంటే చర్మం ఒలిచినట్టుంది. అత్తరు సీసాను మరియమ్మ అడిగి తీసుకుంది. నాలుగు తలుపులూ తెరిచి గాలికి పెట్టాం. తర్వాత అక్క కోసం కుట్టిన కొత్త రజాయిని ముందు సీటు మీద పరిచాను. అక్క మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కలేదు, ముందు వంగి రజాయి మీద ముక్కు పెట్టింది. కొత్తగా ఏకిన దూదికి ఒక వాసన ఉంటుంది. ఎండదీ, గింజదీ. మేమిద్దరం ఆ వాసనలోనే, నాన్న మిషను పక్కన దూది కుప్పల మీద పడుకుని పెరిగాం.

చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఎక్కి కూర్చుంది.

బావ అద్దం దగ్గరికి వచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత నాతో నేరుగా మాట్లాడాడు. "అద్దం జెర్ర దించి పెట్టు. గుంతలల్ల నిమ్మళంగ తోలు. నిద్ర రానియ్యకు."

"మీరు చెప్పాల్నా" అన్నాను. ఎంత కాదన్నా సొంత అక్క మొగుడు కాబట్టి మీరు అనే అన్నాను.

తిరుగు దారి

అద్దం దించి ఉంది. హీటరు లేదు. వెనక మౌలాబీ రజాయిలోంచి కళ్లు మాత్రం బయట పెట్టి నన్ను తిడుతోంది. అక్క ముఖం గాలి వైపు పెట్టుకుని కూర్చుంది. దుమ్ముగూడెం దాటాం. నేను అంకెను వదిలి ఆమె గొంతు వైపే చూస్తున్నాను, ఎప్పుడు కదులుతుందా అని. భద్రాచలం వచ్చింది. వంతెన మీద ఆమె చెయ్యెత్తి, "ఆపు" అంది. అయిపోయింది అనుకున్నాను. వంతెన దాటి పక్కకు ఆపాను.

"ఏందక్కా? కడుపుల తిప్పుతుందా?"

"తిప్పుత లేదు. ఆకలైతుంది."

నేనూ మౌలాబీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అక్క జీవితంలో ప్రయాణంలో ఏదీ తినలేదు. పెళ్లయి లారీలో వచ్చినప్పటి నుంచీ ఆమెకు దారి అంటే ఖాళీ కడుపు, నోట్లో నిమ్మకాయ. పాల్వంచ హోటల్లో ఆగాం. చార్జింగు పెట్టె మీద బట్టలు లేవు. పెట్టె పని చేస్తోంది. నా మూడు ఫిర్యాదుల వల్లే అని నేనన్నాను. ఎలక కొరికిన వైరు మార్చారని వాచ్‌మన్ అన్నాడు. ఎవరి నమ్మకం వారిది. అక్క మాత్రం వేడి వేడి మిరపకాయ బజ్జీలు ప్లేటు తిని, వేళ్లు నాక్కుని, "ఇంకో ప్లేటు చెప్పు" అంది. పక్క టేబులువాళ్లు తిరిగి చూశారు. ఇంత పెద్దామె బజ్జీలు తింటూ ఏడవడం వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

కారు నిండేదాకా ఉండి, పొద్దుపోయాక ఖమ్మం చేరి అక్కను నేరుగా ఆసుపత్రిలో చేర్చాం. మర్నాడు ఆపరేషను అయింది. కట్టు విప్పాక డాక్టరు వేళ్లు చూపించాడు, సరిగ్గా చెప్పింది. ఇంటికి తీసుకొచ్చాను. నా కొత్త ఇంటిని ఆమె మొదటిసారి చూడటం అదే. గుమ్మంలో నిలబడి చుట్టూ చూసి, "గోడలకు ఈ రంగు ఎవరు ఎయ్యమన్నరు?" అంది. నేను ఎంచిన రంగు. ఇదీ గుర్తుంటుంది.

పది రోజుల్లో వెళ్లిపోవాల్సిన మనిషి. ఇప్పటికి నెల దాటింది. రెండో కంటికి కూడా తారీఖు వచ్చింది. ఈలోపు కారెక్కి లకారం చెరువు చూసింది, వైరా రిజర్వాయరు చూసింది, కారేపల్లిలో ఉండే చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి వెళ్లి రెండు పూటలు భోంచేసి వచ్చింది. బావ రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"ఎప్పుడు తోల్కొస్తవు?"

"ఈ చలికి బ్యాటరీ నిలుస్త లేదు బావా. జెర్ర ఎండలు ముదరనీయుండ్రి."

"ఎండలల్ల మంచిగ నడుస్తదా?"

"ఎండలల్ల ఏసీ వెయ్యాలె గద. మళ్లా తగ్గుతది."

అవతల గిర్ని చప్పుడు మాత్రం వస్తోంది. అక్క నా పక్కనే కూర్చుని మొత్తం వింది. ఫోను లాక్కోలేదు, నా మాట కాదనలేదు. నేను పెట్టేయగానే లేచి, నల్లద్దాలు సర్దుకుని, చెప్పులేసుకుని కారు దగ్గర నిలబడింది.

"ఇయ్యాల ఎటు తమ్మీ?"